గుంటూరు పెరట్లో సొంత వేధశాలను ఎలా కట్టుకోవాలి?

వేధశాల అంటే టెలిస్కోపు పెట్టుకుని ఆకాశాన్ని చూసే గది. దానికి స్థలాన్ని రాత్రిపూట చూసి నిర్ణయించుకోవాలి. గుంటూరు అక్షాంశం సుమారు 16.3 డిగ్రీలు కాబట్టి ధ్రువ నక్షత్రం ఉత్తర దిగంతానికి దాదాపు అంతే ఎత్తులో, అంటే చాలా కిందుగా కనిపిస్తుంది. పక్కింటి మేడ దాన్ని కప్పేస్తే టెలిస్కోపు స్టాండును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టి సరిచేయడం కష్టమవుతుంది. దక్షిణ దిక్కు కూడా తెరిపిగా ఉండాలి.

అసలు శ్రద్ధంతా టెలిస్కోపును నిలిపే స్తంభం మీద పెట్టాలి. ఈ ప్రాంతంలో చాలాచోట్ల ఉన్నది నల్లరేగడి. అది వానలకు ఉబ్బి, ఎండలకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది, దానితోపాటు పైనున్న స్తంభమూ ఒరుగుతుంది. టెలిస్కోపులో బొమ్మను వంద రెట్లు పెంచి చూస్తున్నప్పుడు వణుకు కూడా వంద రెట్లు పెరిగి కనిపిస్తుంది. కాబట్టి రేగడి దాటి గట్టి నేల తగిలేదాకా తవ్వించి కాంక్రీటు వేయించాలి, తవ్విన రేగడిని మళ్లీ చుట్టూ పూడ్చకుండా ఇసుక నింపించాలి. రేగడి మరీ లోతుగా ఉంటే ఇంజనీరు సలహా తీసుకోక తప్పదు. గది గచ్చుకూ స్తంభానికీ మధ్య అంగుళం ఖాళీ వదిలితే మన అడుగుల అదురు టెలిస్కోపుకు చేరదు. డాబా మీద శ్లాబు అదరడమే కాక, పగలు పీల్చుకున్న వేడిని రాత్రి వదులుతూ గ్రహాల బొమ్మను చెదరగొడుతుంది. పెరడు ఉన్నవారు డాబా జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

గోడలు ఐదడుగుల లోపు చాలు. రేకుల కప్పుకు స్లైడింగ్ గేటు చక్రాలు బిగించి, తూర్పుకో పడమరకో జరిగేలా పట్టాలు వేయించాలి. తుఫాను గాలులకు లేచిపోకుండా దాన్ని గోడలకు బోల్టులతో బిగించే ఏర్పాటు తప్పనిసరి.

ఎనిమిది అంగుళాల అద్దమున్న టెలిస్కోపు మొదలుపెట్టడానికి సరిపోతుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కటకాలకు బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలతో మూసిన పెట్టెలో దాచాలి. చూడటానికి గంట ముందే కప్పు తెరిచి అద్దాన్ని చల్లబడనివ్వాలి. తగిన ఫిల్టరు లేకుండా సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకూడదు.

వానాకాలమంతా మబ్బులే కనుక డిసెంబరు నుంచి మే వరకు ఎక్కువగా వాడుకోవాలి. ఫిబ్రవరి సాయంత్రాల్లో దక్షిణాన అగస్త్య నక్షత్రం వెలుగుతుంది. మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదింటికి త్రిశంకు (సదరన్ క్రాస్) నక్షత్ర మండలం దక్షిణాన నిలబడుతుంది. మరో గంటకు దానికంటే ఎత్తున, లక్షలాది నక్షత్రాల గుచ్ఛమైన ఒమెగా సెంటారీ టెలిస్కోపుకు అందుతుంది. లండన్‌లో ఉండేవారికి ఈ మూడూ ఎన్నడూ ఉదయించవు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, కాబట్టి ఆ అలవాటును చెదరగొట్టని ఎర్ర దీపమే వాడాలి. పక్కింటివారి మేడమెట్ల లైటు అడ్డొస్తుంటే, ముందు వారిని పిలిచి శని వలయాలు చూపించి, ఆ తరువాత లైటు ఆర్పమని అడగండి.