చీటీ పుస్తకంలోంచి సినిమా: పేట మనుషుల కథలు అల్లుకునే పద్ధతి

మా అమ్మ వైజాగ్ జ్ఞానాపురంలో ఇరవై రెండేళ్లు చీటీలు వేసింది. మామూలు రూళ్ల పుస్తకం, పురికొసతో కట్టిన పెన్ను, పేజీకి ఇరవై పేర్లు. ఎవరు కట్టారు, ఎవరు సగమే కట్టారు, ఎవరు "ఎల్లుండి" అన్నారు, అన్నీ అందులో ఉండేవి. హైదరాబాదులో ఎనిమిదేళ్లు అసిస్టెంట్ డైరెక్టర్‌గా తిరిగి ఇంటికొచ్చాక ఒకరోజు ఆ పుస్తకం తిరగేశాను. నేను రాయాలనుకుంటున్న సినిమా అందులోనే ఉంది.

2018లో వైజాగ్ కంచరపాలెం మనుషులే నటించిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమా వచ్చాక, మన పేట మీద మనమే సినిమా తీయొచ్చన్న ధైర్యం వైజాగ్ పిల్లలకు వచ్చింది. చాలామంది స్క్రిప్టులు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. ఐదారు జీవితాలు, ఒక వీధి, చివర్లో అందరూ ఒకచోట కలవడం. దాదాపు అన్నిట్లోనూ ఒకటే లోపం: ఆ మనుషుల్ని కలిపేది యాదృచ్ఛికమే. నేనూ మొదట అదే తప్పు చేశాను. చావులమదుం రైల్వే వంతెన కింద వాననీళ్లు నిలిచిన రాత్రి ఒక యాక్సిడెంట్ పెట్టి, ఐదుగురినీ అక్కడికి తెచ్చాను. అమ్మకు చదివి వినిపిస్తే, "అందరూ ఒకేపాలి ఆ నీళ్లల్లోకి ఎందుకెల్లారే?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆరు నెలల పని పక్కన పెట్టేశాను.

కాబట్టి మొదటి పని, మనుషుల కంటే ముందు వాళ్ల మధ్య తిరిగే డబ్బును వెతకండి. మన పేటల్లో ఒకరి జీవితం ఇంకొకరి జీవితానికి ముడిపడేది అవసరం దగ్గర. చీటీ, టీ బడ్డీ ఖాతా, చేబదులు, అద్దె బకాయి, తాకట్టు పెట్టిన గొలుసు. వీటిలో ఏదో ఒకటి తీసుకుని నెల రోజులు వెంటపడండి. ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్తోందో ఒక కాగితం మీద బాణాలు గీయండి. ఆ బాణాలే మీ కథ.

చీటీ పాట ఒక్కటి సరిగ్గా అర్థం చేసుకుంటే సగం సినిమా దొరుకుతుంది. ఇరవై మంది, నెలకు తలా 2,500. మొత్తం 50,000. డబ్బు అత్యవసరమైనవాళ్లు ఆ మొత్తం ఈ నెల తమకే రావాలని తగ్గించి పాడతారు. ఒకామె కూతురి ఆపరేషన్ కోసం 38,000కే పాడేసింది అనుకోండి. ఆమె వదులుకున్నది 12,000. అందులో చీటీ వేసినవాళ్ల కమిషన్, మొత్తం 50,000లో ఐదు శాతం, అంటే 2,500 పోతే 9,500 మిగిలింది. దాన్ని ఇరవైతో భాగిస్తే తలా 475. ఆ నెల అందరూ 2,500 బదులు 2,025 కడితే చాలు. ఇప్పుడు ఆ గదిలో కూర్చున్నవాళ్ల ముఖాలు ఊహించండి. ఆమె మీద అందరికీ జాలి ఉంది. ఆమె ఇంకో వెయ్యి తగ్గించి పాడితే తమకు ఇంకో యాభై మిగులుతుందన్న లెక్కా ఉంది. ఎవరూ చెడ్డవాళ్లు కారు. నా చిన్నప్పుడు ఆ గదిలో మంచినీళ్ల గ్లాసులు అందిస్తూ నేను చూసింది ఇదే. ఈ సీనులో విలన్ అక్కర్లేదు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా అక్కర్లేదు. అంకెలు బయటికి చదువుతుంటే చాలు.

ఇరవై పేర్లలోంచి ఐదుగురిని ఎంచుకోండి. ఎందుకు ఐదే అంటే, రెండుంపావు గంటల సినిమాలో 135 నిమిషాలు. ఐదుగురికి పంచితే తలా 27. ఎనిమిది మందైతే పదిహేడు నిమిషాలైనా రావు, ఎవరి పేరూ గుర్తుండదు. ఎంచుకునేటప్పుడు ఒకటి చూడండి. ఐదుగురిలో ప్రతి ఒక్కరూ కనీసం ఇద్దరికి బాకీ పడి ఉండాలి, లేదా ఇద్దరి దగ్గర్నుంచి రావాల్సింది ఉండాలి. నా జాబితాలో చేపలమ్ముకునే ఆవిడ, ఆవిడ తమ్ముడు (బోటు మీద పనికి వెళ్తాడు), కూరగాయల హోల్‌సేల్ మార్కెట్‌లో మూటలు మోసే కళాసీ, టీ బడ్డీ ఆయన, చీటీ వేసే అమ్మ. ఇందులో ఎవర్ని తీసేసినా మిగతా నలుగురి లెక్క తప్పుతుంది. తీసేసినా ఏమీ కాని పాత్ర ఉంటే దాన్ని వెంటనే వదిలేయండి, ఎంత ఇష్టమైనా సరే.

తర్వాత కాలం. పండగో పెళ్లో పెట్టుకోవడం సులువే, కానీ మన ఊరికి దానికంటే గట్టి గడియారం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవలు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అని ఆ నిషేధం. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఇక వరస చూడండి. తమ్ముడికి వేట లేదు, కాబట్టి అక్క గంపలో సరుకు తగ్గింది, కాబట్టి టీ బడ్డీ ఖాతా పెరిగింది, కాబట్టి బడ్డీ ఆయన చీటీ వాయిదా తప్పాడు, కాబట్టి అమ్మ సొంత డబ్బు వేసి పాట జరిపించింది. జూన్ రెండో వారంలో బళ్లు తెరుస్తారు, అందరికీ ఫీజుల టెన్షన్ ఒకేసారి. నేనేమీ కల్పించలేదు, క్యాలెండర్ చూశానంతే. మీది గాజువాక వైపు పేటైతే గడియారం వేరు: ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. స్టీల్‌ప్లాంట్ షిఫ్టుల వల్ల ఒకే గదిలో అద్దెకుంటూ వారాల తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇద్దరు మనుషులు అక్కడ నిజంగానే ఉంటారు.

సీన్లు రాసేటప్పుడు గోడకు పాత క్యాలెండర్ కాగితాలు అంటించి, అడ్డంగా వారాలు, నిలువుగా ఐదుగురి పేర్లు రాస్తాను. ఒక్కో గడిలో ఆ వారం ఆ మనిషి జేబులో ఎంత ఉందో రూపాయల్లో రాయాలి. కోపం, ప్రేమ అని రాయొద్దు. జేబులో ఎంతుందో తెలిస్తే మాట్లాడే తీరు తెలుస్తుంది. ఒక సీనులో హీరో అయినవాడు పక్క సీనులో దారిన పోయేవాడిగా కనిపించాలి, అదీ ఏదో పని మీద వెళ్తూ.

భాష దగ్గర చాలామంది తొందరపడతారు. మాటకో "ఏటి" చల్లితే ఉత్తరాంధ్ర యాస రాదు. అసలు రుచి క్రియల్లో ఉంటుంది: "తినీసేను", "సెప్పీసేను", "ఎలిపోయేడు". ఇంకా ముఖ్యం, ఇంట్లో అందరూ ఒకేలా మాట్లాడరు. శ్రీకాకుళం వైపు నుంచి వలసొచ్చిన తల్లి ఒకలా, ఇక్కడే పుట్టి ఇంటర్ చదివిన కొడుకు ఇంకోలా. ఆ కొడుకే నాయనమ్మ దగ్గర కూర్చుంటే మళ్లీ ఆవిడ మాటలోకి వెళ్లిపోతాడు. పిలుపులు కూడా జాగ్రత్తగా రాయండి. చీటీ బాగా నడిచినన్నాళ్లూ మా అమ్మను "వదినా" అని పిలిచిన ఒకావిడ, వాయిదాలు తప్పిన నెల నుంచి "ఏవండీ" అనడం మొదలుపెట్టింది. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. పేజీ డైలాగు రాసినా ఆ ఒక్క పిలుపు చెప్పినంత చెప్పలేం.

నిజమైన మనుషుల కథ వాడుకుంటుంటే పేరు మారిస్తే సరిపోదు. పేటలో పేరు కంటే పని, సందు, పిల్లల సంఖ్య చూసి పోల్చేస్తారు. అవి మార్చండి, రాసింది వాళ్లకు చదివి వినిపించి ఒప్పుకున్నాకే ముందుకెళ్లండి. నాకు ఒకరు వద్దన్నారు. ఆ కథ తీసేశాను.

షూటింగ్ గురించి రెండే మాటలు. స్థానికులతో నటింపజేస్తే వాళ్ల ఒక రోజు సంపాదన ఎంతో ముందే అడిగి, పని మొదలయ్యేలోపే చేతిలో పెట్టండి. మా ట్రయల్ షూట్‌లో చేపలమ్మే ఆవిడను పొద్దున్న పదింటిదాకా నిలబెట్టేశాం, ఆమె బేరం మొత్తం పోయింది. అది నా తప్పే, ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇక శబ్దం: మా పేట రైల్వే స్టేషన్ పక్కనే కాబట్టి రైళ్లు ఆగవు. వాటిని తీసేయాలని చూడొద్దు. మా వాళ్లు రైలు వస్తే మాట మధ్యలో ఆగి, వెళ్లాక అక్కడి నుంచే అందుకుంటారు. ఆ ఆగడాన్ని అలాగే ఉంచండి.

ముగింపులో అన్ని లెక్కలూ తేల్చాలని చూడకండి. ఇరవై నెలల చీటీలో మన సినిమా నడిచేది రెండు నెలలే. నిషేధం అయిపోయి బోట్లు కదిలాక నా స్క్రిప్టులో ఉన్న చివరి సీను ఇది: కూతురికి ఆపరేషన్ చేయించిన ఆవిడ తర్వాతి వాయిదా తెచ్చి అమ్మ ముందు పెడుతుంది. రెండు వందలు తక్కువ. అమ్మ లెక్కపెట్టి, పెన్ను తీసి, తెచ్చినంతే రాసి, పుస్తకం మూసి, "టీ తాగెల్లు" అంటుంది.