రివర్ ఆంట్వాన్‌కి వెళ్తే గానుగ ఆడే రోజే వెళ్లాలి

కరీబియన్‌లోని గ్రెనడా దీవి ఈశాన్య కొసన, సెయింట్ పాట్రిక్ పారిష్ (జిల్లా లాంటిది)లో ఉంది రివర్ ఆంట్వాన్ అనే రమ్ బట్టీ. 1785 నుంచి అక్కడ రమ్ కాస్తున్నారు. కోసిన చెరకు లేకపోయినా, కాలువలో నీరు చాలకపోయినా అక్కడ గానుగను తిప్పే నీటిచక్రం ఆగిపోతుంది. అప్పుడు చూడ్డానికి మిగిలేది పాత గోడలూ చల్లారిన పొయ్యిలే. అందుకని ముందురోజు ఫోన్ చేసి "రేపు చెరకు ఆడిస్తున్నారా?" అని అడగండి. "తెరిచి ఉంటుందా?" అంటే అవుననే చెబుతారు, ఆ జవాబు మీకు పనికిరాదు. జనవరి నుంచి మే దాకా వానలు తక్కువ, దారి సుఖం. ఎండలు ముదిరితే మాత్రం నీరు తగ్గొచ్చు. పనిదినం చూసుకుని ఉదయాన్నే చేరండి.

రాజధాని సెయింట్ జార్జెస్ నుంచి గ్రాండ్ ఎటాంగ్ అడవి మీదుగా దీవిని అడ్డంగా దాటి గ్రెన్‌విల్ చేరాలి, అక్కడ ఉత్తరానికి తిరగాలి. మ్యాప్‌లో దగ్గరే అనిపిస్తుంది కానీ కొండ మలుపుల్లో గంట దాటుతుంది. బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి. రుచి చూసే ఉద్దేశం ఉంటే డ్రైవర్‌ని మాట్లాడుకోండి. తూర్పు కరీబియన్ డాలర్లు నగదుగా ఉంచుకోండి, ఒక అమెరికన్ డాలరుకు 2.70 వస్తాయి. కాళ్లకు బూట్లే వేసుకోండి. నేలంతా రసం జిగట, పిప్పి. గానుగ దగ్గర వేలాడే చున్నీలూ కెమెరా పట్టీలూ వద్దు.

చూడ్డం చక్రం దగ్గర మొదలుపెట్టి, రసం ఎటు పోతే అటు వెళ్లండి. గానుగలో నలిగిన పిప్పిని ఆరబెట్టి పొయ్యికి వాడతారు. ఆ మంట మీద వరసగా ఉన్న పెనాల్లో రసం మరుగుతుంది. మనుషులే పొడవాటి గరిటెలతో ఒకదాన్నుంచి మరోదానికి తోడుతుంటారు. నీరు ఆవిరైన కొద్దీ తీపి చిక్కబడుతుంది. చల్లారాక తొట్లలో సుమారు 8 రోజులు పులుస్తుంది. పులియబెట్టే ఈస్ట్ విడిగా కలపరు, గాలిలోనూ తొట్ల గోడల్లోనూ ఉన్నదే సరిపోతుంది. నురగ బాగుందని తొట్టి మీదికి ముఖం వంచకండి, కార్బన్ డయాక్సైడ్ ముక్కులోకి కొడుతుంది, తల తిరుగుతుంది. తర్వాత కట్టెల మంట మీద బట్టీ. ఆ చుట్టుపక్కల సిగరెట్ మాటే ఎత్తొద్దు.

దిగిన రమ్‌లో ఆల్కహాల్ ఎంతుందో హైడ్రోమీటర్‌తో కొలిచి చూస్తారు. 75 శాతం రావాలి, తగ్గితే మళ్లీ కాస్తారు. పీపాల్లో మాగబెట్టరు కాబట్టి నీళ్లలా తేటగా ఉంటుంది. చాలామంది మోసపోయేది అక్కడే. 30 మి.లీ.లో 22.5 మి.లీ. ఆల్కహాలే. మామూలు 40 శాతం రమ్ అయితే 56 మి.లీ. తాగినట్టు. ఖాళీ కడుపుతో వద్దు. పెదవి తడిసేంత తీసుకుని, వెంటనే నీళ్లు తాగండి. ఘాటు తగ్గించాలంటే 30 మి.లీ.కి ఇంచుమించు 26 మి.లీ. నీళ్లు కలిపితే 40 శాతానికి దిగుతుంది.

కొనేటప్పుడు లేబుల్ మీద అంకె చదవండి. 70 శాతం దాటిన మద్యాన్ని విమానంలోకి అసలు రానివ్వరు, చెక్-ఇన్ పెట్టెలో పెట్టినా సరే. అందుకే 69 శాతం సీసా కూడా అమ్ముతారు. ఇంటికి తీసుకెళ్లాల్సింది అదే. సీలు తీయకుండా, బట్టల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. మనిషికి 5 లీటర్ల దాకా ఒప్పుకుంటారు. చేతిసంచిలో పెడితే మొదటి తనిఖీలోనే పోతుంది.