నట్టల మాత్ర వేశాక కుక్కకు వాంతులు, మోషన్స్: సమస్య – పరిష్కారం

నట్టల మాత్ర వేసిన రాత్రి కుక్క ఒకసారి కక్కింది, తెల్లారి రెండు మూడుసార్లు పల్చగా పోయింది. అయినా గేటు చప్పుడైతే మొరుగుతోంది, గిన్నె చూపిస్తే వస్తోంది. ఇది మామూలే, ఒక రోజులో తగ్గుతుంది. మలంలో సేమ్యాలాంటి తెల్లటి పురుగులు పడితే మందు పనిచేసినట్టే. పెద్ద కుక్కకు ఒక పూట తిండి ఆపి, నీళ్లు కొంచెం కొంచెంగా పెట్టండి. తర్వాత మెత్తగా వండిన అన్నంలో ఉప్పు, కారం, ఉల్లిగడ్డ వేయకుండా ఉడికించిన బోన్‌లెస్ చికెన్ కలిపి కొద్దికొద్దిగా ఇవ్వండి. చిన్న కుక్కపిల్లలను మాత్రం పస్తు ఉంచొద్దు, వాటికి ఒంట్లో చక్కెర త్వరగా పడిపోతుంది.

కుక్క హుషారుగానే ఉంది, మోషన్స్ ఆగట్లేదు

మాత్ర మింగించడానికి ఏమిచ్చారో గుర్తుచేసుకోండి. చాలా ఇళ్లలో గిన్నెడు పాలల్లో పొడి చేసి పోస్తారు, లేదా కొవ్వున్న మటన్ ముక్కలో పెట్టి ఇస్తారు. పెరిగిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు. ఆ పాలు ఆపితే మోషన్స్ కూడా ఆగుతాయి.

రెండోది బరువు. దయచేసి అందాజాతో మాత్ర వేయకండి. ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసిన మామూలు మాత్ర 10 కిలోలకు ఒకటి. అదే మందులో 35 కిలోలకు ఒకటి వేసే పెద్ద మాత్ర కూడా ఉంది. రెండూ ఒకటే అనుకుని 8 కిలోల కుక్కకు పెద్దది వేసేస్తారు. కుక్కను ఎత్తుకుని కాటా ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కి ఆ బరువు తీసేయండి. ఇంత సులువైన పనిని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

ఇచ్చింది గొర్ల మందు అయితే

మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు మందలున్న ఇళ్లలో గొర్లకు తాగించగా మిగిలిన నట్టల మందును కుక్కకూ పోస్తుంటారు. సీసా మీద క్లోసాంటెల్ అని ఉంటే కుక్కకు చూపు పోయే ప్రమాదం ఉంది. ఐవర్‌మెక్టిన్ మోతాదు మించి పడితే తూలుతుంది, చొంగ కారుస్తుంది, వణుకుతుంది. ఇంట్లో ఏ చిట్కా చేయకుండా ఆ సీసా పట్టుకుని వెంటనే పశువుల దవాఖానకు వెళ్లండి.

మాత్ర వేసినప్పటి నుంచి కుక్కపిల్ల లేవట్లేదు

అసలు భయపడాల్సింది దీనికే. ఇంటివాళ్లు చెప్పేది దాదాపు ఇలాగే ఉంటుంది: "సార్, మొన్న పురుగుల మాత్ర వేసినం, అప్పట్నుంచి పిల్ల డల్ అయింది." మాత్ర ఎందుకు వేశారని అడుగుతాను. "రెండు రోజుల నుంచి తింటలేదు, కడుపుల నట్టలున్నయేమో అని." అంటే జబ్బు మాత్ర కంటే ముందే మొదలైంది. నేరం మాత్ర మీద పడింది, పిల్ల ఒంట్లో పార్వో (కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు) పెరుగుతూ పోయింది.

పార్వో వైరస్ ఒంట్లో చేరాక సాధారణంగా 3 నుంచి 7 రోజుల్లో బయటపడుతుంది. కొత్త పిల్లను తెచ్చుకున్న వారంలోనే మనం మాత్ర కూడా వేస్తాం కాబట్టి రెండూ ఒకేసారి వచ్చి కలుస్తాయి. మొదట డల్‌గా ఉంటుంది, తిండి ముట్టదు. తర్వాత నురగగానో పసుపుగానో వాంతులు మొదలై ఆగవు. ఆపైన నెత్తురు కలిసిన, ముక్కు మూసుకునేంత కంపు కొట్టే మోషన్స్. మాత్ర వల్ల వచ్చిన ఇబ్బంది గంట గంటకూ తగ్గుతుంది, పార్వో గంట గంటకూ ముదురుతుంది. ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్ల, టీకాలు పూర్తికాలేదు, రెండోసారి కూడా కక్కింది అంటే "రేపటిదాకా చూద్దాం" అనుకోవద్దు. చిగుళ్లు పాలిపోయి ఎండినట్టు ఉన్నా, మెడ మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా ఒంట్లో నీరు తగ్గినట్టే.

దవాఖానలో మలంతో కిట్ టెస్ట్ నిమిషాల్లో చేస్తారు. మొదటి రోజుల్లో నెగటివ్ వచ్చినా లక్షణాలు అలాగే ఉంటే మళ్లీ చేయించండి. వైరస్‌ను నేరుగా చంపే మందంటూ మామూలు దవాఖానల్లో ఉండదు. సెలైన్, వాంతులు ఆపే ఇంజెక్షన్, యాంటీబయాటిక్‌లతో పిల్లను నిలబెడతారు. సకాలంలో చికిత్స అందిన పిల్లలు ఎక్కువ శాతం బతుకుతాయి. అందుకే ఆ పోగొట్టుకున్న రెండు రోజుల గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను. కక్కుతున్న పిల్ల నోట్లో బలవంతంగా నీళ్లు, గంజి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనుషులు మోషన్స్ ఆగడానికి వాడే లోపెరమైడ్, జ్వరానికి వాడే పారాసిటమాల్ అసలే వద్దు. పిల్ల పడుకున్న చోటును ముందు సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచండి. ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది కాబట్టి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను ఆ ఇంటికి తీసుకురావద్దు.

మిగతావి అరుదు. మాత్ర పడక ముఖం ఉబ్బడం, పురుగులు ఉండకట్టి పేగు మూసుకుపోవడం ఉంటాయి, కానీ వాటిని ఇంట్లో తేల్చలేం, డాక్టరే చూడాలి. మాత్ర వేసిన గంటలోపే కక్కి, అందులో మాత్ర కనిపిస్తే వెంటనే ఇంకోటి వేయకుండా డాక్టర్‌ను అడిగి వేయండి.