బండికి లిథియం బ్యాటరీ వేయించే ముందు మీటరు పట్టండి

కనిగిరి, పొదిలి వైపు మే ఎండలకి లెడ్ యాసిడ్ బ్యాటరీలో నీళ్లు ఇగిరిపోతాయి. పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్ టక్‌మని ఆగిపోతుంది. 'ఈసారి లిథియం వేయిద్దాం' అనే మాట అప్పుడే వస్తుంది. మంచి ఆలోచనే. లిథియంకి నీళ్లు పోసే పని లేదు, మూడు కిలోల బరువు కిలో దాకా దిగుతుంది, సెల్ఫ్ చురుగ్గా తిరుగుతుంది. కానీ నన్నడిగితే, రోహిణి కార్తె ఎండ కంటే ముందు భయపడాల్సింది బండిలోని రెగ్యులేటర్ గురించి, అంటే బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్ వోల్టేజ్‌ని అదుపులో ఉంచే భాగం గురించి.

బైకులకు అమ్మే మంచి లిథియం బ్యాటరీల్లో ఉండేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. వరసగా నాలుగు సెల్స్. ఒక్కో సెల్ 3.65 వోల్టులు దాటకూడదు, అంటే మొత్తం మీద 14.6. రెగ్యులేటర్ పాడై 15 వోల్టులు పంపినా లెడ్ యాసిడ్ కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, నీళ్లు ఆవిరి చేసుకుంటూ నెట్టుకొస్తుంది. లిథియం అలా ఓర్చుకోదు, సెల్స్ ఉబ్బుతాయి.

అందుకే కొనకముందే కొలవండి. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, బండి స్టార్ట్ చేసి, పాత బ్యాటరీ టెర్మినల్స్ మీదే చూడండి. ఐడిలింగ్‌లో ఒకసారి, నాలుగైదు వేల ఆర్‌పీఎం దాకా రైజ్ చేసి ఒకసారి, హెడ్‌లైట్ వేసి, తీసి. 13.8కీ 14.4కీ మధ్య నిలబడితే దిగులు లేదు. 14.6 దాటుతుంటే రెగ్యులేటర్ మార్చాకే బ్యాటరీ సంగతి. చల్లటి ఇంజన్ మీద కొలిచి వదిలేయకండి. కావలి నుంచి నెల్లూరు దాకా హైవే మీద తోలి, బండి బాగా కాగాక మళ్లీ చూడండి. కొన్ని రెగ్యులేటర్లు వేడెక్కాకే అడ్డం తిరుగుతాయి. మెకానిక్ 'ఏం కాదన్నా, పెట్టేద్దాం' అన్నా సరే, అంకె కళ్లతో చూశాకే డబ్బులివ్వండి.

తక్కువలో వస్తుందని లోకల్‌గా కట్టిన ప్యాక్ జోలికి మాత్రం వెళ్లొద్దు. లాప్‌టాప్, ఎలక్ట్రిక్ స్కూటర్ల పాత సెల్స్ చాలావరకు వేరే రకం లిథియం. అవి మూడు వరసగా కలిపితే ఫుల్ ఛార్జ్‌లో 12.6 వోల్టులు వస్తుంది, చూడ్డానికి పన్నెండు వోల్టుల బ్యాటరీలాగే ఉంటుంది. బండి 14.4 పంపగానే ఒక్కో సెల్ మీద 4.8 పడుతుంది, దాని హద్దు 4.2. అది కూర్చునేది పెట్రోల్ ట్యాంకు పక్కన. 'లోపల బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) ఉంది' అంటారు. ఉంటే అది ఛార్జింగ్ తెంపేస్తుంది. నడుస్తున్న బండిలో బ్యాటరీ ఒక్కసారిగా తెగిపోతే వోల్టేజ్ ఎగిరి ఈసీయూ మీద, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ మీద పడొచ్చు.

డబ్బా మీద అంకెకీ మోసపోకండి. చాలా కంపెనీలు 'లెడ్ యాసిడ్‌లో ఇంతకి సమానం' అని రాస్తాయి. ఆ లెక్క సెల్ఫ్ తిప్పే బలానిది. లోపల అసలు ఆంపియర్ అవర్స్, అంటే ఛార్జ్ పట్టే సామర్థ్యం, చాలాసార్లు అందులో సగం కూడా ఉండవు. జీపీఎస్ ట్రాకర్, అలారం పెట్టి బండిని వారాల తరబడి వదిలేస్తే లోతుగా డిశ్చార్జ్ అవుతుంది. ఊరెళ్తుంటే మైనస్ వైరు ఊడదీసి వెళ్లండి. వోల్టేజ్ చూసి ఛార్జ్ అంచనా వేసే పాత అలవాటు కూడా మానుకోవాలి. 12.8 అంటే లెడ్ యాసిడ్ నిండుగా ఉన్నట్టు, లిథియం అయితే అడుగంటినట్టే. నిండుగా ఉన్నది ఆపిన బండిలో 13.3 దగ్గర ఉంటుంది. పాత లెక్కతో చూసే మెకానిక్ 'బ్యాటరీ బ్రహ్మాండం' అంటాడు, మర్నాడు బండి కదలదు. కిక్ లేని ఇంజెక్షన్ బండి అయితే ఇక చెప్పేదేముంది!

ఛార్జర్ లిథియంకి చేసిందే వాడాలి. డీసల్ఫేషన్ (లెడ్ యాసిడ్ ప్లేట్ల మీద పేరుకున్న సల్ఫేట్‌ని కరిగించే పద్ధతి) ఉన్న పాత ఛార్జర్ ఎక్కువ వోల్టేజ్‌తో కొడుతుంది, అది వద్దు. చాలా సెల్స్‌కి ఛార్జింగ్‌లో వేడి పై హద్దు 45, 55 డిగ్రీల మధ్య. మన మే నెలలో గాలే 43, 44 ఉంటుంది, ఇక ఎండలో నిలబెట్టిన బండి సీటు కింద ఎంతుంటుందో! ఒంగోలు బస్టాండు బయట మధ్యాహ్నమంతా ఎండిన బండిని తెచ్చి వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు, నీడలో చల్లారనివ్వండి.

బిగించేటప్పుడు ఉంగరాలు, గొలుసులు తీసేయండి. లిథియం షార్ట్ అయితే వచ్చే కరెంటు స్పానర్‌ని కరిగిస్తుంది. ఊడదీసేటప్పుడు ముందు మైనస్, పెట్టేటప్పుడు చివర మైనస్. ప్లస్ ఏ పక్కనుందో చూసుకోండి, పాతదానికి ఎదురుగా ఉండొచ్చు. చిన్న బ్యాటరీ డబ్బాలో దొర్లకుండా ఫోమ్ ముక్కలు దూర్చాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో టెర్మినల్స్ బిగించాక వాజ్‌లైన్ పూయండి, రెగ్యులేటర్ ఎర్త్ వైరు తుప్పు గీకి శుభ్రం చేయండి. అక్టోబరు దాటాక వానలకి బండి మునిగితే ఆ బ్యాటరీని ఛార్జ్ చేయకుండా ముందు చూపించండి. ఉబ్బినా, పది వోల్టుల కిందకి పడిపోయినా కారు బ్యాటరీతో జంప్ స్టార్ట్ చేయొద్దు.

పాత లెడ్ యాసిడ్‌ని మూలన పడేయకుండా, యాసిడ్ పారబోయకుండా, నిలబెట్టి పట్టుకెళ్లి బ్యాటరీ షాపులోనే ఇచ్చేయండి. సీసానికి ధర ఉంటుంది కాబట్టి కొత్తదాని బిల్లులో కొంత తగ్గిస్తారు, బేరమాడండి.