సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే

బ్యాంకు క్యాష్ కౌంటర్‌లో కొత్తగా కూర్చున్నవాళ్లకి నేను చెప్పేదంతా మా హెడ్ క్యాషియర్ గారు నేర్పిందే. ఆయన పోయి రెండేళ్లయింది. లెక్క తేలనప్పుడు ఇప్పటికీ ఆయన గొంతే వినిపిస్తుంది: "ముందు మంచినీళ్లు తాగమ్మా."

నిజంగానే ముందు ఆ పని చేయండి. టెన్షన్‌లో లెక్కపెడితే అదే తప్పు మళ్లీ చేస్తాం.

తర్వాత చేతిలో ఉన్న డబ్బుకీ, లెక్క ప్రకారం ఉండాల్సినదానికీ మధ్య తేడాను 9తో భాగించండి. శేషం రాకపోతే అంకెలు తారుమారై ఉండొచ్చు. నా మొదటి నెలలోనే 2,700 తక్కువొచ్చింది. ఏడుపొక్కటే తక్కువ. ఆయన ఓచర్ల కట్ట విప్పి, బొటనవేలు తడి స్పాంజికి అద్దుకుంటూ ఒక్కొక్కటే తిప్పారు. 5,800 జమను నేను 8,500గా కొట్టాను! ఒక్క మాట అనలేదు. కట్టినాయనకి ఫోన్ మాత్రం నాచేతే చేయించారు.

9తో తేలకపోతే తేడాలో సగానికి సరిపోయే మొత్తం ఎక్కడుందో వెతకండి. జమ కావాల్సింది చెల్లింపులో పడి, తేడా రెట్టింపై ఉండొచ్చు. అదీ కాదంటే కట్టలు విప్పి, వందేసి నోట్లు ఉన్నాయో లేదో చూడాల్సిందే. విసుగే, ఏం చేస్తాం.

అసలు తేడా రాకుండా ఉండాలంటే, ఒకరి డబ్బు డ్రాయర్‌లో పెట్టాకే రెండోవారిది ముట్టుకోవాలి. 2016 నవంబరులో, పెద్ద నోట్లు రద్దయి క్యూ రోడ్డెక్కినప్పుడు కూడా ఆయన ఈ పద్ధతి తప్పలేదు, వెనకనుంచి ఎంత అరిచినా.