గ్రాంటు ఫారం కంటే ముందు నోట్‌బుక్ తెరవండి

నేను ఒంగోల్లో అకౌంట్స్ ఉద్యోగం చేస్తాను. కొత్తపట్నం వైపు తీరంలో తాబేలు గుడ్లను కాపాడే ఒక చిన్న సంఘానికి గ్రాంటు దరఖాస్తులు రాసిపెడతాను. మేం పంపిన మొదటి దరఖాస్తు తిరిగొచ్చింది. దాంట్లో మొదటి పేజీ అంతా భూతాపం, జీవవైవిధ్యం. మా పాలెం పేరు నాలుగో పేజీలో గానీ రాలేదు.

అందుకే ఎవరడిగినా ముందు నోట్‌బుక్ సంగతే చెబుతాను. జనవరి నుంచి రాత్రిళ్లు తీరం వెంట నడిచే కుర్రాళ్ల చేతికి ఒకటి ఇవ్వండి. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా నడిచారు, ఇసుకలో ఎన్ని జాడలు కనిపించాయి, ఎన్ని గూళ్లు దొరికాయి, కుక్కలూ నక్కలూ తవ్వేసినవి ఎన్ని, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లు ఎన్ని. ఏమీ దొరకని రాత్రి కూడా రాయాలి. మా వాళ్లు మొదట్లో ఆ రాత్రుల్ని వదిలేసేవాళ్లు. ఎన్ని రాత్రులు నడిచారో లేకుండా గూళ్ల లెక్క చూపిస్తే డబ్బిచ్చేవాళ్లకు ఏమీ అర్థం కాదు.

సమస్యను ఆ పుస్తకంలోంచే రాయండి. "సముద్ర తాబేళ్లు అంతరించిపోతున్నాయి" అని మేం రాసిన చోట ఇప్పుడిలా ఉంది: "ఒక గూట్లో సుమారు 100 గుడ్లుంటాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అన్నాళ్లూ కుక్కల నుంచి కాపాడాలి, మాకున్నది ఇద్దరే మనుషులు." బడ్జెట్ ఈ మాటల్లోనే ఉంది. కాపలా కూలి, కంచెకు వల, గుంజలు, ఎర్ర కాగితం కట్టిన టార్చిలైట్లు. "ఇతర ఖర్చులు" అని పెద్ద మొత్తం మాత్రం వేయకండి. మన తీరంలో హేచరీ అంటే రొయ్యపిల్లల హేచరీ అనుకుంటారు కాబట్టి, మీది ఇసుకలో గుడ్లు పాతి కంచె కట్టేదని ఒక వాక్యంలో చెప్పండి.

మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా గుడ్లు ముట్టుకోకూడదు. ఆ అనుమతి పత్రం దరఖాస్తుకు జత చేయండి.

సంఘం రిజిస్ట్రేషన్, పాన్, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జి పత్రాలు, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే దర్పణ్ నంబరు ఒక ఫైల్లో ఉంచుకోండి. కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టే సీఎస్‌ఆర్ డబ్బు కావాలంటే, సంఘాన్ని అందుకు నమోదు చేసే సీఎస్‌ఆర్-1 ఫారం కూడా ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. కంపెనీల చట్టం తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికే ముందు ఖర్చు పెట్టమంటుంది కాబట్టి, మన జిల్లాలో పనిచేసే కంపెనీల దగ్గరికే మొదట వెళ్లండి. అదీ ఎండాకాలంలోనే. డిసెంబరులో అడిగితే డబ్బు చేతికొచ్చేసరికి తాబేళ్లు వచ్చి వెళ్లిపోతాయి. విదేశాల్లో ఉన్న సంస్థ ఇస్తానంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్, స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలో ఖాతా లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకండి. ఈ విషయంలో నాకు చాలా టెన్షన్.

అంతా అయ్యాక దరఖాస్తును పాలెంలో అందరి ముందూ పైకి చదవండి. ఇది మానొద్దని చేతులెత్తి అడుగుతున్నాను. మా రెండో దరఖాస్తును నేను చదువుతుంటే, కాపలా కూలి మార్చి దాకానే అన్న చోట ఒక పెద్దాయన ఆపాడు.

"అమ్మా, మార్చి ఆఖర్లో పెట్టిన గుడ్లు మేలో కదా పగిలేది! ఏప్రిల్లో ఎవరుంటారు కాపలా?"

ఇన్నేళ్లు లెక్కలు చూసిన నాకు అది తట్టలేదు. ఆయనే ఇంకో మాట చెప్పాడు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, ఇంజను పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, కుర్రాళ్లకు పని ఉండదు. ఆ కూలి వాళ్లకే ఇస్తామని అక్కడే కూర్చుని రాసి, కాపలాను మే ఆఖరు దాకా పెంచాం.