పూర్వ విద్యార్థుల సమ్మేళనం: ఎక్కడ చెడుతోంది, ఎలా బాగుచేయాలి

మన యూనివర్సిటీల్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనాలకు లోటు లేదు. ఫ్లెక్సీలు కడతారు, శాలువాలు కప్పుతారు, భోజనం కూడా బాగానే పెడతారు. తర్వాత కమిటీ కూర్చుని లెక్క చూసుకుంటే చేతిలో మిగిలేవి ఫోటోలు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2026తో నూరేళ్ళు. ఉస్మానియా 2017లోనే శతాబ్ది ఉత్సవాలు చేసుకుంది. పేరు, డబ్బు, అభిమానం ఉన్న పాత విద్యార్థులకు రెండుచోట్లా కొదవ లేదు. అయినా ఐఐటీలకు వచ్చే విరాళాల్లో వందో వంతు కోసం కూడా రాష్ట్ర యూనివర్సిటీలు ఎదురుచూస్తూ ఉంటాయి. సభ రోజున కనిపించే లోపాల్లో చాలావాటికి కారణం ఆ రోజు ఉండదు. అంతకు ఆరు నెలల ముందో, ఆ తర్వాత ఆరు నెలల్లోనో ఉంటుంది.

సమస్య: అందరికీ మెసేజ్ పెట్టాం, హాలు సగం కూడా నిండలేదు

అదే నెలలో అదే ఊళ్ళో 1999 బ్యాచ్ వాళ్ళు తమంతట తాము ఫంక్షన్ హాలు తీసుకుని కుటుంబాలతో సహా కలిసి ఉంటారు. అంటే జనానికి తీరిక లేక రాకపోవడం కాదు. మనిషికి యూనివర్సిటీ మీద ప్రేమ నేరుగా ఉండదు. తన బ్యాచ్ మీద, డిపార్ట్‌మెంట్ మీద, హాస్టల్ గది మీద, ఒకరిద్దరు మాస్టార్ల మీద ఉంటుంది. "ప్రియమైన పూర్వ విద్యార్థీ" అని రిజిస్ట్రార్ సంతకంతో వచ్చిన ఆహ్వానం వాటిలో దేన్నీ కదిలించదు. రూమ్మేట్ ఫోన్ చేసి "రేయ్, నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను" అంటే మాత్రం టికెట్ బుక్ అవుతుంది.

కాబట్టి ఆహ్వానం పంపే పని ఆఫీసు చేతిలోంచి తీసేయండి. ప్రతి బ్యాచ్‌లో, ప్రతి బ్రాంచిలో వాట్సాప్ గ్రూప్ నడిపే మనిషి ఒకరు ఇప్పటికే ఉంటారు. వాళ్ళను పట్టుకోండి. ఆ ఏడాది 25 ఏళ్ళు, 50 ఏళ్ళు నిండిన బ్యాచ్‌లను అతిథులుగా కాకుండా ఆతిథేయులుగా పెట్టండి. ఐఐటీ బాంబేలో 1998 బ్యాచ్ తమ సిల్వర్ జూబిలీకి, 2023లో, 57 కోట్ల రూపాయలు ఇస్తామని ప్రకటించింది. అంత మొత్తం మనకు రాకపోవచ్చు. పద్ధతి మాత్రం తెచ్చుకోవచ్చు: 25వ ఏడు వచ్చిందంటే అది మా బ్యాచ్ వంతు అని ముందే తెలిసి ఉండడం, ఒకరినొకరు అడిగి పోగుచేసుకోవడం.

చిరునామాలు లేవనే బాధ ఇంకోటి. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఊరి పేరు, తండ్రి పేరు ఉంటాయి, ఫోన్ నంబరు ఉండదు. కానీ పాత విద్యార్థులు ఎవరూ పిలవకుండానే వచ్చే చోటు క్యాంపస్‌లో ఒకటుంది: పరీక్షల విభాగం కౌంటరు. ట్రాన్స్‌క్రిప్టులు, ఒరిజినల్ డిగ్రీ, వెరిఫికేషన్ కోసం ఏటా వాళ్ళు అక్కడికి వస్తూనే ఉంటారు. ఆ దరఖాస్తులోనే ఫోన్, సొంత మెయిల్, ఇప్పుడున్న ఊరు, బ్యాచ్, హాస్టల్ అడగండి. సమాచారం పంపవచ్చా అని ఒక గడి పెట్టండి. డేటాబేస్ దానంతటదే పెరుగుతుంది.

అసలు ఆ కౌంటరే మీ మొదటి సమ్మేళనం. ట్రాన్స్‌క్రిప్టు కోసం నాలుగుసార్లు తిరిగి, "సార్ లంచ్‌కి వెళ్ళారు" అని విని వెళ్ళిన మనిషికి రెండేళ్ళ తర్వాత విరాళం కోసం ఉత్తరం రాస్తే ఏమనుకుంటాడు? సభకు అలంకరణ ఖర్చు తగ్గించి ఆ కౌంటర్లో ఒక మనిషిని అదనంగా పెట్టినా నష్టం లేదు.

సమస్య: ఆడవాళ్ళు చాలా తక్కువగా వస్తున్నారు

దీన్ని సమస్య అని గుర్తించే కమిటీలే తక్కువ. జాబితాలో పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది, ఉత్తరం పుట్టింటికి వెళుతుంది. ఫేస్‌బుక్‌లో వెతికితే అత్తింటి పేరుతో ఉంటారు. బ్యాచ్ గ్రూపుల్లో కూడా మగవాళ్ళే ఎక్కువ ఉంటారు, ఫోన్లు వాళ్ళలో వాళ్ళకే వెళతాయి. పైగా అసలు సరదా అంతా రాత్రి పార్టీలో పెట్టుకుంటారు.

రెండు ఇంటిపేర్లూ రాసే గడి పెట్టండి. ప్రతి బ్యాచ్‌కి ఇద్దరు పిలిచేవాళ్ళు ఉండాలి, అందులో ఒకరు ఆ ఏటి లేడీస్ హాస్టల్ అమ్మాయి అయి ఉండాలి. ముఖ్యమైన కార్యక్రమం పగలే పెట్టండి. పాత లేడీస్ హాస్టల్ గదులు ఒక గంటసేపు తెరిచి చూపించే ఏర్పాటు చేయండి. వార్డెన్ అనుమతి, ఇప్పుడున్న అమ్మాయిల అంగీకారం ముందే తీసుకోవాలి. ఖర్చులేని పని, దానికి వచ్చేవాళ్ళు ఎక్కువ.

సమస్య: భోజనం కాగానే అందరూ వెళ్ళిపోతున్నారు

ప్రోగ్రాం షీట్ చూస్తే కారణం తెలిసిపోతుంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, వేదిక మీదికి ఆహ్వానాలు, బొకేలు, అతిథుల పరిచయం, గంటన్నర ఆలస్యంగా వచ్చిన మంత్రిగారి ప్రసంగం, శాలువాలు, మెమెంటోలు, వందన సమర్పణ. ముప్ఫై ఏళ్ళ తర్వాత కలిసిన స్నేహితులను వరస కుర్చీల్లో కూర్చోబెట్టి, మాట్లాడుకోకుండా ముందుకు చూడమన్నాం. భోజనాల దగ్గరే వాళ్ళకు నోరు విప్పే అవకాశం దొరికింది. అది అయ్యాక ఉండమంటే ఎందుకుంటారు?

వేదికకు ముప్పావుగంట ఇవ్వండి, అంతకు మించి వద్దు. ఎవరి కోసమూ ఆగేది లేదని ముఖ్య అతిథికి ఇచ్చే లేఖలోనే మర్యాదగా రాసేయండి. శాలువాలు రిటైరైన మాస్టార్లకు, మెస్‌లో వంట చేసినవాళ్ళకు, ల్యాబ్ అటెండర్లకు, వాచ్‌మన్‌కి కప్పండి. హాల్లో చప్పట్లు దేనికి ఎక్కువ పడతాయో మీరే వింటారు.

మిగతా రోజంతా హాలు బయట నడపాలి. క్రియేటివ్‌గా చేయాలంటే ఈవెంట్ మేనేజర్లు, లేజర్ షోలు కావాలని అనుకుంటారు గానీ అవేమీ అక్కర్లేదు. ఈ చోటులో మాత్రమే జరగగలిగేది ఏదైనా చేస్తే చాలు. రిటైరైన మాస్టారు అదే గదిలో, అదే బోర్డు మీద అరగంట పాఠం చెప్పడం. ముందు పాత రోల్ నంబర్లతో హాజరు పిలవాలి. చనిపోయినవాళ్ళ నంబరు వచ్చినప్పుడు ఏం చేయాలో బ్యాచ్ వాళ్ళనే అడిగి నిర్ణయించుకోండి. మధ్యాహ్నం భోజనం క్యాటరింగ్ వాళ్ళ షామియానాలో కాకుండా హాస్టల్ మెస్‌లో, మెస్ పళ్ళాల్లో, ఇప్పటి పిల్లలతో కలిసి పెట్టండి. పప్పు నీళ్ళలా ఉందని వాళ్ళు నవ్వుకుంటూ తిట్టుకుంటారు. మెస్‌కి కొత్త స్టీమర్ కావాలన్న మాట మీరు చెప్పకుండానే అర్థమవుతుంది.

పాత ఫోటోలు గోడకు అంటించి పక్కన పెన్సిళ్ళు వేలాడదీయండి. ఎవరు ఎవరో వాళ్ళే రాస్తారు, యూనివర్సిటీకి చరిత్ర దొరుకుతుంది. ముందురోజు సాయంత్రం ఫైనలియర్ పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు పెడితే కొందరు ఒక రోజు ముందే వస్తారు. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు. మొదట తన సమయం ఇచ్చిన మనిషి తర్వాత డబ్బు ఇవ్వడానికి వెనకాడడు. ఊళ్ళో ఉన్నవాళ్ళ కోసం అయితే కార్తీక మాసంలో క్యాంపస్ చెట్ల కింద వనభోజనాలు పెట్టవచ్చు. దానికి వేదికే అక్కర్లేదు.

సమస్య: మైకులో లక్షలు ప్రకటించారు, ఖాతాలో వేలే పడ్డాయి

పెళ్ళిలో చదివింపుల్లాగా మైకు దగ్గర ఒక్కొక్కరి పేరు, మొత్తం చదివితే ఆ క్షణానికి ఊపు వస్తుంది. పక్కవాడు లక్ష అన్నాడని ఇతనూ లక్ష అంటాడు. ఇంటికెళ్ళాక ఈఎంఐలు, పిల్లల ఫీజులు గుర్తొస్తాయి. ఆ తర్వాత మీ ఫోన్ ఎత్తడు. వచ్చే ఏడు సమ్మేళనానికీ రాడు. అలా ఒక దాతతో పాటు ఒక స్నేహితుణ్ణి కూడా పోగొట్టుకుంటారు.

వేదిక మీద అడగకండి. అడగాల్సింది ముందే, ఇద్దరుగా వెళ్ళి, ఇంట్లోనో ఆఫీసులోనో కూర్చుని. ఎంత, దేనికి, ఎన్ని విడతల్లో అన్నది ఒక కాగితం మీద రాసుకోవాలి. వేదిక మీద ఇప్పటికే ఖాతాలో పడినదాన్ని మాత్రమే చదవాలి.

దేనికి అన్నది మరీ ముఖ్యం. "యూనివర్సిటీ అభివృద్ధికి" అని అడిగితే ఎవరికీ ఏమీ కనిపించదు. ఒక పేద విద్యార్థికి ఏటా 20,000 రూపాయల స్కాలర్‌షిప్ శాశ్వతంగా ఇవ్వాలంటే 7 శాతం వడ్డీ మీద దాదాపు 3 లక్షల అసలు కావాలి. ఆరుగురు మిత్రులు తలా 50,000 వేసుకుంటే తమ మాస్టారి పేరు మీద అది నిలబడుతుంది. ఈ లెక్క చెప్పినప్పుడు ముఖాలు మారతాయి. ఒక జాగ్రత్త: వడ్డీ అంతా ఖర్చు పెట్టేస్తే ధరలు పెరిగేకొద్దీ ఆ స్కాలర్‌షిప్ చిన్నదైపోతుంది. ఎప్పుడో పదివేలు డిపాజిట్ చేసి పెట్టిన బంగారు పతకానికి ఇవాళ ఆ వడ్డీతో బంగారు పూత కూడా రాదు. కొంత వడ్డీ అసల్లో కలుపుతూ పోవాలి.

పెద్ద దాతల విషయం వేరు. ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నందన్ నీలేకని 2023లో ఐఐటీ బాంబేకి 315 కోట్లు ఇచ్చారు, ఆయన అక్కడ చేరి యాభై ఏళ్ళయిన సందర్భంగా. అంతకు ముందే ఆయన 85 కోట్లు ఇచ్చి ఉన్నారు. బాపట్లలో పుట్టిన పారిశ్రామికవేత్త కృష్ణ చివుకుల 2024లో తాను చదివిన ఐఐటీ మద్రాసుకు 228 కోట్లు ఇచ్చారు. ఇంతింత నిర్ణయాలు ఒక పూట సభలో ఎవరూ తీసుకోరు. మన దగ్గర కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయ తొలి రోజుల్లో జయపురం (ఇప్పటి ఒడిశా) మహారాజా విక్రమదేవవర్మ ఇచ్చింది ఒక్కసారి ఇచ్చి ఊరుకున్న విరాళం కాదు, ఏటా లక్ష రూపాయలు. సైన్స్ అండ్ టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

సమస్య: అమెరికా మిత్రులు ఇస్తామన్నారు, పంపడం కుదరలేదు

ఇక్కడ చాలా సంఘాలు తడబడతాయి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. దాన్ని తీసుకోవాలంటే సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. యూనివర్సిటీ చట్టం ద్వారా ఏర్పడి కాగ్ (ప్రభుత్వ లెక్కలు చూసే సంస్థ) ఆడిట్ కిందికి వచ్చేదైతే దానికి మినహాయింపు ఉంది. అలుమ్ని సంఘం విడి సొసైటీ కాబట్టి ఆ మినహాయింపు దానికి రాదు. అందుకే ఎవరి ఖాతాకి పంపమనాలో దాత పాస్‌పోర్టును బట్టి ముందే తేల్చి, ఆహ్వానంతోనే చెప్పాలి. ఆడిటర్ చూడకుండా ఏ ఖాతా నంబరూ గ్రూపుల్లో పెట్టవద్దు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు అక్కడి 501సీ3 సంస్థ (పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ) ద్వారా ఇస్తేనే పన్ను రాయితీ. చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత తామూ కలుపుతాయి. మైక్రోసాఫ్ట్ ఏడాదికి 15,000 డాలర్ల దాకా కలుపుతుంది. అది కూడా అలాంటి సంస్థకు ఇస్తేనే. అందరినీ ఇక్కడికే రమ్మనడం కూడా పొరపాటు. తానా సభలు బేసి సంవత్సరాల్లో, ఆటా సభలు సరి సంవత్సరాల్లో జరుగుతాయి. వేలమంది తెలుగువాళ్ళు ఒకచోట ఉండే ఆ రోజుల్లో ఒక గది తీసుకుని రెండు గంటలు కలిస్తే చాలు.

సమస్య: ఒకసారి ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇవ్వలేదు

లెక్క చెప్పలేదు, అంతే. డబ్బు అందిన వారంలో రసీదు వెళ్ళాలి. ఆరు నెలల్లో ఏం కొన్నారో, ఎవరికి ఇచ్చారో రాయాలి. స్కాలర్‌షిప్ అందుకున్న పిల్లవాడు తన మాటల్లో ఒక ఉత్తరం రాస్తే మంచిదే గానీ అతన్ని వేదిక ఎక్కించి అతని పేదరికం చెప్పించవద్దు. పన్ను రాయితీ పత్రం దాత అడగకముందే పంపాలి. పాత చట్టంలో అది ఫారం 10బీఈ, మే 31 గడువు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి నంబర్లు ఆడిటర్ని అడిగి రాయండి. 2,000 దాటిన నగదుకి రాయితీ లేదనీ, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకు ఈ రాయితీ అసలే లేదనీ ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత మాట పడాలి.

ఇంకో కారణం, వైస్ ఛాన్సలర్ పదవీకాలం మూడేళ్ళు. ఆయన మారగానే ఆయన మొదలుపెట్టిన నిధి ఫైలు బీరువాలోకి పోతుంది. సంఘాన్ని 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసి, ఖాతాకి యూనివర్సిటీ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థుల నుంచి ఒకరు సంతకందార్లుగా ఉంటే మనుషులు మారినా పని ఆగదు. ఆడిట్ చేసిన లెక్క సమ్మేళనం రోజున రిజిస్ట్రేషన్ టేబుల్ పక్కనే బోర్డు మీద అంటించాలి.

సమస్య: నాక్ బృందం వచ్చే ఏడు మాత్రమే మేం గుర్తొస్తాం

ఈ మాట పాత విద్యార్థులు ముఖం మీదే అంటారు, నిజమే కాబట్టి. యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే జాతీయ సంస్థ నాక్ మూల్యాంకనంలో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యానికి మార్కులున్నాయి, అందుకే ఆ ఏడు హడావిడి. మందు కూడా సులువే: మిగతా ఏళ్ళలో చిన్నగానైనా జరపండి.

సమస్య: తేదీ ఎవరికీ కుదరదు

డిసెంబరు మూడో వారం నుంచి సంక్రాంతి లోపల పెట్టండి. ధనుర్మాసం కాబట్టి పెళ్ళి ముహూర్తాలు ఉండవు, క్రిస్మస్ సెలవులకు విదేశాల వాళ్ళు వస్తారు. సెమిస్టర్ పరీక్షల టైంటేబుల్ మాత్రం ముందు చూసుకోవాలి, లేకపోతే మెస్ భోజనం, హాస్టల్ గదులు రెండూ కుదరవు. విమానం టికెట్లు ఆగస్టులోపే కొంటారు కాబట్టి తేదీ జూలైలో ప్రకటించాలి. ప్రకటించాక ఏ ముఖ్య అతిథి కోసమూ దాన్ని మార్చకూడదు.